తాకని తీగలు, సిరా లతలు

హార్డింగ్‌ఫేలె అనే నార్వే ఫిడేలుకు ఎనిమిదో తొమ్మిదో తీగలుంటాయి. కమాను తగిలేది నాలుగింటికే. మిగతావి ఫింగర్ బోర్డు కిందుగా వచ్చి, తీగలను మోసే గుర్రం (బ్రిడ్జ్) నడుమ తొలిచిన దారిలోంచి దూరి, అవతల టెయిల్‌పీసుకు తగులుకుంటాయి. వాటిని వేలు ముట్టదు, కమానూ ముట్టదు. అయినా వాద్యం మోగినంతసేపూ అవీ మోగుతాయి. వాయించేవాడు కమాను ఎత్తేశాక కూడా కాసేపు మోగుతూనే ఉంటాయి. మొదటిసారి విన్నవాళ్లు ఎక్కడో రెండో ఫిడేలు ఉందనుకుంటారు.

బెర్గెన్ నగరానికి తూర్పున సముద్రం కొండల నడుమకు సుమారు 180 కిలోమీటర్ల మేర చొచ్చుకొచ్చింది. ఆ పాయ పేరు హార్డాంగర్. పైన మంచు, వాలులో ఆపిల్ తోటలు, అడుగున ఉప్పునీరు. ఈ ఫిడేలు పేరు ఆ ప్రాంతానిదే. అక్కడినుంచి వోస్, టెలెమార్క్, సేటెస్‌డాల్, హాలింగ్‌డాల్, వాల్ద్రెస్ లోయలకు పాకింది. నార్వే అంతటా ఇదే ఉందనుకోకూడదు. తూర్పున గుడ్‌బ్రాండ్స్‌డాల్ వంటి లోయల్లో జానపద వాద్యకారులు మామూలు వయొలిన్‌నే పట్టారు. రెండు వర్గాల వారికీ తమదే అసలైన ఫిడేలని నమ్మకం.

మన వీణకూ పక్కన మూడు తాళపు తీగలుంటాయి కదా అనిపించవచ్చు. వాటిని చిటికెన వేలు మీటుతుంది, కాబట్టి అవి వేరు. హార్డింగ్‌ఫేలె కింది తీగలకు అసలైన బంధువులు సితార్‌లోని తరఫ్ తీగలు, సారంగిలో బారుగా పేర్చిన సన్నని తీగలు. యూరప్‌లో ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లో కొన్ని వయోల్ వాద్యాలకు అడుగున ఇత్తడి, ఉక్కు తీగలు బిగించేవారని జర్మన్ సంగీతజ్ఞుడు మైకేల్ ప్రిటోరియస్ 1619లోనే రాశాడు. తర్వాత వయోలా డమోరె అనే వాద్యం అదే దారి పట్టింది. ఆస్థానాల్లో ఆ ఫ్యాషన్ చల్లారిపోయింది. నార్వే లోయల్లో రైతులు మాత్రం దాన్ని వదల్లేదు.

తాకకుండా తీగ ఎలా మోగుతుంది? 1677లో ఆక్స్‌ఫర్డ్ గణితాచార్యుడు జాన్ వాలిస్ దీని గురించి రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. ప్రయోగం చేసింది ఆయన కాదు, అదే ఊరి విలియం నోబుల్, థామస్ పిగట్. రెండు తీగల్లో ఒకదాన్ని రెండోదానికన్నా సరిగ్గా ఒక స్థాయి పైన శ్రుతి చేశారు. అంటే దాని పౌనఃపున్యం రెట్టింపు. కింది స్థాయి తీగ మీద అక్కడక్కడా చిన్న కాగితపు ముక్కలు మడిచి కూర్చోబెట్టి, పై స్థాయి తీగను మోగించారు. కింది తీగ కదిలింది, అయితే ఒకే ముక్కగా కాదు, రెండు సగాలుగా. ఒక్కో సగం మధ్యనున్న కాగితాలు ఎగిరిపడ్డాయి. తీగకు నట్టనడుమ ఉన్న కాగితం మాత్రం కదల్లేదు. పాఠ్యపుస్తకాల్లో మనం అస్పందన బిందువు అని చదువుకునేది ఆ కాగితం కూర్చున్న చోటే.

ఇప్పుడు ఫిడేలు దగ్గరికి వద్దాం. ఎక్కువగా వాడే శ్రుతిలో నాలుగు పై తీగలు ఎ, డి, ఎ, ఇ స్వరాలకు ఉంటాయి. పౌనఃపున్యాల్లో చెప్పాలంటే సుమారు 220, 294, 440, 659 హెర్ట్‌జ్. అయిదు కింది తీగలు బి, డి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ: సుమారు 247, 294, 330, 370, 440. ఇవి రాతలో అంకెలు. ఆడే చోట ఫిడేలునంతా ఇంకో స్వరం పైకి లాగి బిగించడం మామూలే. లెక్కకు మాత్రం ఇవి చాలు.

డి తీగ మీద కమాను లాగితే 294 దగ్గరున్న కింది డి తీగ పూర్తి పొడవునా కంపిస్తుంది. ఇది ఎవరైనా ఊహించేదే. అయితే ఏ తీగా ఒక్క పౌనఃపున్యాన్నే పలకదు. దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, అంటే అనుస్వరాలు, వెంటే వస్తాయి. డి తీగ మూడో అనుస్వరం దాదాపు 880. కింది ఎ తీగ రెండో అనుస్వరమూ 880. కాబట్టి డి వాయిస్తే ఎ తీగ కూడా, రెండు సగాలుగా విడిపోయి, మెల్లగా పలుకుతుంది. సన్నని ఇ తీగ వాయిస్తే అడుగున 330 దగ్గరున్న ఇ తీగ అచ్చం నోబుల్, పిగట్ తీగలాగే నడుమ నిలకడగా ఉండి అటూ ఇటూ ఊగుతుంది. మరి సి స్వరం వాయిస్తే? దాని అనుస్వరాలు కింది తీగల అనుస్వరాలతో పెద్దగా కలవవు, కనుక అది పొడిగా వినిపిస్తుంది. ఈ వాద్యంలో ఒక స్వరం వెలుగుతూ, పక్క స్వరం మసకబారినట్టు వినిపించడానికి కారణం ఇదే. పాట కట్టినవాళ్లు ఈ సంగతి చెవితో తెలుసుకున్నారు. ఎక్కడ ఆగాలో, దేనిమీదుగా జారిపోవాలో దానికి తగ్గట్టే కట్టారు.

శక్తి ప్రయాణించే దారి గుర్రమే. కమాను పై తీగను లాగుతుంది, తీగ గుర్రాన్ని కుదుపుతుంది, గుర్రం ఫిడేలు పొట్టనూ తన రంధ్రాల్లోంచి వెళ్లే కింది తీగల చివర్లనూ కలిపి కుదుపుతుంది. ఆ కుదుపు ఒక్కోసారికి ఎంతో చిన్నది. కానీ క్షణానికి వందలసార్లు, తీగకు ఇష్టమైన వేళకే వస్తుంది. అదే అనునాదం. కింది తీగలు సన్నని ఉక్కువి. ఉక్కు తనలోపల శక్తిని పెద్దగా వృథా చేయదు, అందుకే చాలాసేపు మోగుతుంది. అదే కారణంగా దానికి పట్టింపు కూడా ఎక్కువ. శ్రుతి కాస్త తప్పిందంటే కింది తీగ చప్పబడిపోతుంది. బాగా శ్రుతి కుదిరిన హార్డింగ్‌ఫేలెకూ కుదరనిదానికీ తేడా మామూలు వయొలిన్‌లోకన్నా ఎక్కువగా తెలుస్తుంది.

నార్వే వాళ్లకు ఈ కష్టం బాగా తెలుసు. జలపాతాల కింద ఉండే ఫోస్సెగ్రిమ్ అనే భూతం ఫిడేలు నేర్పుతుందని అక్కడి జానపద కథ. గురువారం సాయంత్రం మాంసం తీసుకెళ్లి సమర్పించాలి. ఆ భూతం శిష్యుడి చేయి పట్టుకుని రక్తం కారేదాకా తీగల మీద ఈడుస్తుంది. ఆ తర్వాత అతను వాయిస్తే చెట్లు కూడా ఆడతాయట. తెచ్చిన మాంసం ఎముకలపాలైనదైతే మాత్రం శిష్యుడికి శ్రుతి చేయడం వరకే వస్తుంది, వాయించడం రాదు. తొమ్మిది బిరడాలు తిప్పి చూసినవాళ్లెవరో అల్లిన కథ ఇది!

పైగా శ్రుతి ఒకటే కాదు. ఇరవైకి పైగా రకాలు వాడుకలో ఉన్నాయి. ఎ, ఇ, ఎ, సి షార్ప్ అనేది ట్రోల్ శ్రుతి. ట్రోల్ అంటే వాళ్ల కొండ రాక్షసుడు. ఆ శ్రుతిలో వాయించే ప్రసిద్ధమైన పాట ఫానితుల్లెన్. హాలింగ్‌డాల్‌లో ఒక పెళ్లింట ఇద్దరు కత్తులు దూసుకుంటుండగా, నేలమాళిగలోకి బీరు తేవడానికి వెళ్లిన మనిషికి సాక్షాత్తూ సైతాను పీపా మీద కూర్చుని ఈ పాట వాయిస్తూ కనబడ్డాడని చెబుతారు. సైతాను గొడవ ఎలా ఉన్నా, శాస్త్రం వరకు చూస్తే నాలుగు తీగలూ ఒకే మేళంలోని (కార్డ్‌లోని) స్వరాలు. ఏ రెండు కలిపి లాగినా పొసుగుతాయి, పెట్టె మొత్తం ఒక్కసారిగా మోగుతుంది.

రెండేసి తీగలు కలిపి లాగడం ఇందులో ప్రత్యేకత కాదు, అలవాటు. వయొలిన్ గుర్రం కన్నా దీని గుర్రం పైభాగం చదునుగా ఉంటుంది, అందుకే కమాను ఒక తీగ మీద ఉంటూనే పక్కదాన్ని కూడా తాకుతుంది. కారణం వెతకాలంటే పాతకాలపు పెళ్లింటికి వెళ్లాలి. అక్కడ డప్పు లేదు, బృందం లేదు. వధూవరుల ఊరేగింపును చర్చికి నడిపించేదీ, తర్వాత రాత్రంతా జనాన్ని ఆడించేదీ ఒకే ఒక్క ఫిడేలు. స్వరం, శ్రుతి, తాళం మూడూ ఒకే మనిషి మోయాలి. తాళాన్ని కాలు చూసుకుంటుంది: పాదం నేలకేసి కొట్టడం ఈ సంగీతంలో భాగం. టెలెమార్క్‌లో ఆడే స్ప్రింగార్ నాట్యంలో మూడు దెబ్బలుంటాయి, మూడూ సమానంగా ఉండవు. మొదటిది పొడుగు, రెండోది మధ్యస్థం, మూడోది పొట్టి. మెట్రోనోమ్ పెట్టుకుని నేర్చుకుందామనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

చరిత్ర విషయానికొస్తే, దొరికిన వాటిలో పాతదిగా చెప్పే ఫిడేలు మీద 1651 అని ఉంది. హార్డాంగర్‌లోని ఉల్లెన్స్‌వాంగ్‌కు చెందిన ఉలె యోన్సెన్ యోస్టా చేసినది. ఇప్పుడు బెర్గెన్ మ్యూజియంలో ఉంది. ఆ సంవత్సరాన్ని శంకించే పండితులూ ఉన్నారు. నేటి వాద్యం కన్నా చిన్నది, పొట్ట బాగా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ మొదటి ఫిడేలును వాడుకలోకి తెచ్చి లోయలన్నిటికీ చేర్చింది తర్వాతి శతాబ్దంలోని తండ్రీకొడుకులు ఇసాక్ నీల్సెన్ బోట్నెన్, ట్రోన్ ఇసాక్సెన్ ఫ్లాటెబో. ఇప్పుడు మనం చూసే ఆకారం, అంటే పొడవైన మెడ, వయొలిన్‌కు దగ్గరైన పెట్టె, 19వ శతాబ్దంలో టెలెమార్క్‌లోని బో గ్రామానికి చెందిన హెల్లాండ్ కుటుంబం చేతిలో స్థిరపడింది. యోన్ ఎరిక్‌సన్ హెల్లాండ్‌తో మొదలై తరాలపాటు ఆ ఇంట ఇదే పని. ఆ వంశంలో కొందరు 20వ శతాబ్దం మొదట్లో అమెరికాకు వలసపోయి విస్కాన్సిన్ రాష్ట్రంలో కార్ఖానా పెట్టారు. నార్వే రైతులు ఎక్కువగా స్థిరపడిన రాష్ట్రాల్లో అదొకటి, గిరాకీకి లోటు లేదు.

ఇక అలంకారం. ఈ ఫిడేలును చూసినవాళ్లకు ముందు గుర్తుండేది అదే. శబ్దశాస్త్రం రాసేవాళ్లు దాన్ని సాధారణంగా ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం అందులోనే వడ్రంగి బుద్ధి ఎక్కువ కనబడుతుంది. ఏ అలంకారం ఎక్కడ ఉందో వరుసగా చూస్తే చాలు.

తల నుంచి మొదలుపెడదాం. వయొలిన్‌కు చుట్ట ఉన్న చోట దీనికి చెక్కిన తల ఉంటుంది. ఎక్కువగా కిరీటం పెట్టుకున్న సింహం, లేదా నాలుక చాచిన డ్రాగన్, కొన్నిటికి స్త్రీ ముఖం. కిరీటం ధరించిన సింహం నార్వే రాజచిహ్నం. 1814 దాకా డెన్మార్క్ రాజు కింద, ఆ తర్వాత 1905 దాకా స్వీడన్ రాజు కింద ఉన్న దేశంలో ఆ సింహాన్ని ఫిడేలు తలకెత్తడంలో దేశాభిమానం ఎంతో, పక్కింటి కమ్మరి, వడ్రంగి చేసినట్టే తానూ చేయడం ఎంతో తూచలేం. దాని కిందే బిరడాల పెట్టె. ఎనిమిదో తొమ్మిదో బిరడాలు పట్టాలి కనుక వయొలిన్ కన్నా పొడుగ్గా ఉంటుంది.

ఫింగర్ బోర్డు, టెయిల్‌పీస్ మీద పొదుగు పని ఉంటుంది. నల్లని కొమ్ము పలకలు, తెల్లని ఎముక ముక్కలు, ముత్యపుచిప్ప. పలకను త్రికోణాలుగా, వజ్రాకారాలుగా కోసి, అంచు అంచుకు అతికించి, పైన గీకి నున్న చేస్తారు. ముత్యపుచిప్ప మెరుపు రంగు పూసినది కాదు. చిప్ప లోపలి పొరలు మిల్లీమీటరులో సుమారు రెండువేలో వంతు మందాన ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉంటాయి, అంటే వెలుగు తరంగ దైర్ఘ్యానికి దాదాపు సమానం. పై పొర నుంచి తిరిగొచ్చిన వెలుగూ అడుగు పొర నుంచి వచ్చినదీ కలిసి కొన్ని రంగులను పెంచి, కొన్నిటిని చంపుతాయి. చూసే కోణం మారితే రంగు మారుతుంది. వాయించేటప్పుడు ఫిడేలు కదులుతూ ఉంటుంది కాబట్టి పెళ్లిపందిట్లో దీపాల వెలుతురులో అది ఎలా కనబడేదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు పొట్ట, వీపు. అక్కడ చెక్కడం లేదు. ఉన్నది సిరా గీత మాత్రమే. నల్లని సిరాతో, సన్నని పాళీతో అకాంతస్ లత గీస్తారు: ఒక మూల నుంచి కాండం మొదలై, మెలిక తిరిగి, ఆ మెలికలో ఆకు, ఆకు నుంచి ఇంకో మెలిక. నీడ కోసం ఆకు అంచున దగ్గరదగ్గరగా సన్నని గీతలు. వాళ్లు దీన్ని రోసింగ్ అంటారు. ఇళ్ల గోడలకూ పెట్టెలకూ వేసే పూల చిత్రకళకు ఇది చెల్లెలు, కానీ రంగులు లేవు, నలుపే.

చెక్కడానికి, గీయడానికి ఎంత తేడా ఉందో ఒక్క లెక్కతో తెలుస్తుంది. పొట్ట చెక్క స్ప్రూస్, మందం సుమారు 3 మిల్లీమీటర్లు. పలక వంగుడుకు చూపే నిరోధం మందం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. మందంలో పదో వంతు తగ్గితే నిరోధం నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. లత కోసం అక్కడ ఉలి పెడితే వాద్యం గొంతే మారిపోతుంది. సిరా గీతకు బరువు లేదు, లోతు లేదు. బరువైన కొమ్ము, ఎముక, సింహం వంటివన్నీ ఫింగర్ బోర్డు, టెయిల్‌పీస్, తల మీదికి చేరాయి. అవి కూడా కాస్త కంపిస్తాయి కానీ, గాలిని కదిపి శబ్దాన్ని హాలులోకి పంపే పని వాటిది కాదు. ఎవరైనా లెక్కగట్టి ఇలా పెట్టారని నేను అనను. చెక్కి చూసి, విని, పారేసిన ఫిడేళ్లు తొలి రోజుల్లో ఎన్నో ఉండే ఉంటాయి. మిగిలిన పద్ధతి మాత్రం శబ్దశాస్త్రం తెలిసినవాడు పెట్టినట్టే ఉంది.

గీయడం కూడా అంత తేలిక కాదు. స్ప్రూస్ చెక్క నిండా చారలే. వసంతంలో పెరిగిన లేతభాగం మెత్తన, వేసవి చివర పెరిగిన ముదురు గీత గట్టిది. పచ్చి చెక్క మీద పాళీ పెడితే మెత్తని చారలో సిరా పక్కలకు పాకుతుంది, గట్టి గీత దగ్గర పాళీ ఎగిరిపడుతుంది. అందుకే ముందు చెక్క రంధ్రాలు మూసుకుపోయేలా ఒక పూత పూసి, ఆరాక గీస్తారు. శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టేదీ ఇందుకే, కలం గీత పాకకుండా. లత పూర్తయ్యాక దానిమీద వార్నిష్. అడుగున పాత తేనె రంగు, దానిలో మునిగినట్టు నల్లని ఆకులు. మసితో చేసిన సిరాకు ఎండ అంటే భయం లేదు. కార్బన్ వెలుగుకు విడిపోదు కనుక వార్నిష్ ముదిరి గోధుమరంగుకు తిరిగినా గీత నల్లగానే ఉంటుంది.

శబ్ద రంధ్రాలను కూడా చూడాలి. వయొలిన్ ఎఫ్ రంధ్రానికి రెండు అంచులూ దాదాపు ఒకే వంపులో ఉంటాయి. ఇక్కడ ఒక అంచు పైకి లేచి, రెండోది దాని కిందికి వాలి ఉంటుంది. పక్కనుంచి చూస్తే రెప్ప కింద కన్నులా ఒక నీడ. ఇలా కోయాలంటే పొట్టను మొదటే ఆ ఎత్తుపల్లాలతో తవ్వుకోవాలి. తర్వాత సరిదిద్దుకుందామంటే కుదరదు.

ఇంత మక్కువతో చేసినవాటిని ఒక కాలంలో జనమే పొయ్యిలో పెట్టారు. 19వ శతాబ్దంలో లూథరన్ భక్తి ఉద్యమాలు పల్లెల్లోకి వచ్చినప్పుడు ఫిడేలు అంటే తాగుడు, నాట్యం, కొట్లాట అని ముద్రపడింది. సైతాను వాద్యమని పేరు పెట్టి ఎన్నిటినో విరగ్గొట్టారు, కాల్చారు. కొందరు వాద్యకారులు తామే పశ్చాత్తాపంతో నిప్పుల్లో వేశారు. ఫానితుల్లెన్ కథను నమ్మినవాళ్లకు ఇంకో సాక్ష్యం ఎందుకు!

మరోపక్క పట్నం కూడా అప్పుడే కళ్లు తెరిచింది. బెర్గెన్‌కు చెందిన ప్రపంచప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు ఉలె బుల్, టెలెమార్క్‌కు చెందిన పేద వాద్యకారుడు టోర్గెయిర్ ఆగుండ్సన్‌ను, అందరూ మిల్లార్‌గుటెన్ అని పిలిచే మనిషిని, 1849లో క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, తనతోపాటు కచేరీ వేదిక ఎక్కించాడు. పల్లె ఫిడేలును టిక్కెట్టు కొని వినడం అక్కడి పెద్దమనుషులకు కొత్త. మిల్లార్‌గుటెన్ పాటలు నేర్చుకున్న క్నుట్ డాలె అనే వాద్యకారుడు 1888లో స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్‌కు ఉత్తరం రాశాడు, తనతోపాటు ఈ పాటలు పోతాయేమో రాసుకోమని. అది జరగడానికి మరో పదమూడేళ్లు పట్టింది. 1901లో వయొలిన్ తెలిసిన స్వరకర్త యోహాన్ హాల్వోర్సెన్ డాలె దగ్గర కూర్చుని పదిహేడు పాటలను స్వరలిపిలో రాసుకున్నాడు. గ్రీగ్ వాటిని పియానోకు మలిచి ఓపస్ 72గా 1903లో ప్రచురించాడు. పియానోలో కింది తీగల పని చేయడానికి గ్రీగ్ కర్కశమైన మేళాలను వాడాడు. ఆ రోజుల్లో చాలామందికి అవి మింగుడుపడలేదు. పాత వాద్యకారులు రెండు మెట్ల నడుమ ఎక్కడో పలికించే స్వరాలకు మాత్రం పియానోలో చోటు లేదు, ఎవరేం చేసినా అక్కడ మెట్టు లేదు.

తర్వాత స్వరకర్త యేర్ ట్వేయిట్ ఇదే ఫిడేలుకు ఆర్కెస్ట్రాతో రెండు కన్చెర్టోలు రాశాడు. మన దగ్గర చాలామంది దీన్ని తెలియకుండానే వినేశారు: 2002లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రెండో చిత్రంలో రోహాన్ రాజ్యానికి కట్టిన సంగీతంలో వినిపించేది హార్డింగ్‌ఫేలెనే.

ఇప్పటి కచేరీల్లో కూడా దీన్ని పట్టిన మనిషికి తప్పని ఇబ్బంది ఒకటుంది. ఒక శ్రుతిలోని పాట ముగించి మరో శ్రుతిలోని పాట ఎత్తుకోవాలంటే పై తీగలతోపాటు అడుగు తీగలనూ మార్చుకోవాలి. మార్చిన తీగ కాసేపటికి మళ్లీ జారుతుంది, ఇంకోసారి సరిచూసుకోవాలి. స్తోమత ఉన్నవాళ్లు రెండో ఫిడేలు ఇంకో శ్రుతిలో పెట్టుకుని వస్తారు. లేనివాళ్లు బిరడాలు తిప్పుతూ పాట వెనకున్న కథ చెబుతారు. ఏ పెళ్లిలో పుట్టింది, ఎవరి దగ్గర ఎవరు నేర్చారు, సైతాను ఏ పీపా మీద కూర్చున్నాడు అని. శ్రుతి కుదరకపోతే కథ ఇంకాస్త సాగుతుంది.